కాంటాల మోసం ఇప్పుడు ఫోన్లకు వచ్చింది



ఈసారి పసుపు రేటు గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు, ఫోను గురించి రాస్తున్న. జర పెద్దగనే ఉంటది, ఓపికతోటి చివరిదాక చదవండి. ఇది రాయాల్నా వద్దా అని నెల రోజులు ఆలోచించిన. ఎందుకంటే ఇందులో నా ఇజ్జత్ పోయిన ముచ్చట ఉన్నది. కానీ నేను చెప్పకుంటే, మీకు జరిగింది మీరు చెప్పకుంటే, మోసం చేసేటోళ్ళకే లాభం. అందుకే రాస్తున్న.

సంక్రాంతి పోయినంక, పసుపు తవ్వే రోజులల్ల జరిగింది. మెట్‌పల్లిల ఎంత పలుకుతుంది, నిజామాబాద్‌ల ఎంత పలుకుతుంది, కొమ్ముకెంత, గోళకెంత అని రోజూ పొద్దుగాల నలుగురికి ఫోన్లు కొట్టుడు మనకు అలవాటే కదా. ఒకనాడు ఫోన్ల ఒక యాప్ కనబడ్డది. అన్ని మార్కెట్ల రేట్లు, పంటకు రోగమొస్తే ఫొటో పెడితే మందు పేరు, అన్నీ తెలుగుల. "ఒక్క రూపాయికే 7 రోజులు" అని పెద్ద ఆకుపచ్చ బటన్. ఒక్క రూపాయే కదా అని ఒత్తిన. పిన్ అడిగింది, కొట్టిన. రూపాయి పోయింది. నాలుగు రోజులు రేట్లు చూసిన. పసుపు అమ్ముడు అయిపోయినంక ఆ యాప్ సంగతే మర్చిపోయిన.

జూన్ 10న మా ఇంటామె సంఘం కిస్తీ కట్టాలె. నెలకు 3,000. ఎప్పుడూ నా ఫోన్లకెళ్ళే పంపుతం. ఆ రోజు పంపుదామంటే ఖాతాల అన్ని పైసలు లేవు. ఉండాలె, లెక్క ప్రకారం ఉండాలె. విత్తనాలకు తీసింది పోను కిస్తీకని పక్కకు పెట్టిన పైసలు అవి. సంఘంల మిగతా ఆడోళ్ళు తలా ఇంత వేసి ఆ నెల గడిపిన్రు. ఇరువై ఏండ్ల సంది ఒక్క కిస్తీ తప్పని మనిషి, మీటింగ్ల తలకాయ దించుకొని కూసున్నది.

ఇంటికొచ్చి ఏమన్నదో తెలుసా? "గన్ని పైసలు ఏడికి పోయినయ్? నిజం చెప్పు, ఫోన్ల పత్తాలు గిట్ల ఆడుతున్నవా?" అన్నది. ముప్పై ఏండ్ల కాపురంల ఆమె నన్ను పైసల కాడ అనుమానించింది అదే మొదటిసారి. నేను లేదంటె లేదని ఒట్టు పెట్టిన. నమ్మిందో లేదో తెల్వదు. ఆ రాత్రి ఇద్దరం సరిగ తినలేదు.

తెల్లారి బ్యాంకుకు పోయి పాస్‌బుక్ ప్రింటు కొట్టిచ్చిన. జనవరి నుంచి మే దాక నెలకోసారి 299 పోయింది. ఐదు సార్లు. ఆ రూపాయి కలుపుకొని 1,496. ఎవరికి పోయింది? ఆ పసుపు రేట్ల యాప్‌కు. అప్పుడు నేను కొట్టిన పిన్ ఒక్క రూపాయికి కాదట. నెల నెలా నా ఖాతాలకెళ్ళి తీసుకొమ్మని ఇచ్చిన అనుమతి అట. దాన్నే ఆటోపే అంటరు. ఒక్కసారి ఒప్పుకుంటే, 15,000 లోపు అయితే, మల్ల పిన్ అడగకుండనే కట్ అయితది. "7 రోజుల తర్వాత నెలకు 299" అన్నది ఆ బటన్ కింద ఇంగ్లీషుల, బూడిద రంగుల, చీమ తలకాయంత అక్షరాలల్ల ఉన్నది. పైసలు తీసే ముందు రోజు మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంకు రూలు. పంపిన్రు కూడా. అదీ ఇంగ్లీషుల. రోజుకొచ్చే యాభై మెసేజ్‌లల్ల అదొకటి.

సరే, ఇగ తీసేద్దామని యాప్ తెరిచిన. చేరేటప్పుడు ఒక్క ఒత్తుడు. తీసేసేటప్పుడు ఆరు చోట్లకు తిప్పింది. చివరకు ఒక కాడ "మీరు నిజంగా వెళ్ళిపోతారా? తెలివైన రైతులు మాతోనే ఉంటారు" అని అడిగింది. దాని కింద "ఉంటాను" అని పెద్ద బటన్. "నష్టపోయినా పర్వాలేదు" అని కనబడీ కనబడని చిన్న గీత. ఏది ఒత్తితే ఏమైతదో అర్థం గాక, కోపంతోటి యాప్‌నే ఫోన్లకెళ్ళి పీకేసిన. పీడ పోయిందనుకున్న. నెలాఖరుకు మల్ల 299 పోయింది!

ఇది మీరంతా యాది పెట్టుకోవాలె. యాప్ తీసేస్తే ఆటోపే పోదు. కోరుట్లల ఒక మొబైల్ షాపు పిల్లగాడు, "కాకా, ఇది గా యాప్ల ఉండది, మనం పైసలు కొట్టే యాప్ల ఉంటది" అని చెప్పి, పైసలు పంపే యాప్ల ఆటోపే అనే కాడికి పోయి అర నిమిషంల రద్దు చేసిండు. అప్పుడు అర్థమైంది నాకు, తీసేసుడు అర నిమిషం పనేనని. వాళ్ళు కావాలనే దాన్ని అడవిలెక్క చేసి పెట్టిన్రు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. ఇట్ల జరిగితే మనం ఏమనుకుంటం? "నాకు చదువు సరిగ రాకపాయె, నేనే సూసుకోకపోతి" అనుకుంటం. ఎవరికీ చెప్పం. నేను ఇంటర్ దాక చదివిన, తక్ పట్టి లెక్క పైస తేడా లేకుండ చూసుకునేటోన్ని, నేనే మోసపోయిన. ఇది మన తెలివితక్కువతనం కాదు అన్నలారా. ఎక్కడ ఏ రంగు పెడితే మనం ఒత్తుతం, ఏ అక్షరం ఎంత చిన్నగ పెడితే చదవం అని జీతాలిచ్చి మనుషులను పెట్టుకొని లెక్కలు వేసి చేసిన పని ఇది. దీనికి పేరు కూడా ఉన్నది, డార్క్ ప్యాటర్న్స్ అంటరు. 2010ల బ్రిటన్‌ల హ్యారీ బ్రిగ్నల్ అనే ఆయన పెట్టిన పేరు. ఆయన కూడా యాప్‌లు, వెబ్‌సైట్ల రూపం గీసే పనిల ఉన్నోడే. తన పనోళ్ళు చేసే మాయ చూసి బయట పెట్టిండు.

నిజానికి ఈ ఎత్తులు మనకు కొత్తవి కావు. ఒక్కొక్కటి చూడండి.

ఎరువుల దుకాణానికి పోతే ఏమైతది? యూరియా బస్తా కావాలంటే ఇంకో సీసా అంటగడుతరు, మనం అడగకున్నా. లింకు పెట్టుడు అంటం కదా. ఫోన్ల కూడా అదే. బ్యాటరీ స్ప్రేయర్ ఒకటి కొందామని చూస్తే, వారంటీ అని 199 ముందే టిక్కు పెట్టి ఉంటది. మనం టిక్కు తీసేయకుంటే మనమే అడిగినట్టు లెక్క.

వడ్ల కాడ ఏమైతది? మద్దతు ధర బోర్డు మీద ఒకటి ఉంటది. కాంటా అయినంక తేమ అని, తాలు అని, మిల్లు కాడ బస్తాకు ఇంత తరుగు అని కోస్తరు. చేతికి వచ్చేది ఇంకొకటి. ఫోన్ల ఆ స్ప్రేయర్ 1,799 అని చూపిచ్చిండు. లోపలికి పోతుంటె డెలివరీ 120, ప్యాకింగ్ 49, ప్లాట్‌ఫాం ఫీజు 10, ఆ వారంటీ 199. చివరకు 2,177. ముందే 2,177 అని చెప్తే మనం కోరుట్లల దుకాణంల అడిగి చూసేటోళ్ళం. సగం దూరం పోయినంక వెనుకకు ఎవడొస్తడు? గదే వాళ్ళ ధీమా.

విత్తనాల కాలంల "రేపటికి స్టాక్ ఉండది, ఇయ్యాల్నే తీస్కపో" అంటరు. ఫోన్ల "ఇంకా 2 మాత్రమే ఉన్నయి", "9 నిమిషాలల్ల ఆఫర్ అయిపోతది" అని గడియారం తిరుగుతనే ఉంటది. నేను ఒకసారి పరీక్ష చేసిన. గడియారం సున్నాకు వచ్చేదాక చూసి, బంద్ చేసి మల్ల తెరిచిన. మల్ల 10 నిమిషాల నుంచి మొదలైంది! అది గడియారం కాదు, మనను ఉరికిచ్చే కొరడా.

గల్ఫ్ పోయినోళ్ళ ఇండ్లల్ల అడగండి. ఏజెంటు నోటితోటి చెప్పింది ఒక జీతం, సంతకం పెట్టిన కాగితంల ఇంకో జీతం. కాగితం మనకు రాని భాషల. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఈ కత తెల్వని ఊరున్నదా? ఫోన్ల కూడా గదే. అమ్మే మాట తెలుగుల, షరతు ఇంగ్లీషుల. "కొనండి" అనుటానికి తెలుగు వస్తది, "నెల నెలా కట్ చేస్తం" అనుటానికి రాదా? నాకు అన్నిటికన్న ఎక్కువ కోపం ఈడనే వస్తది.

299 దాక అయితే ఏడ్చి ఊరుకుంటం. ఇదే మాయ అప్పు యాప్‌లల్ల ప్రాణాల మీదికి తెచ్చింది. 2020 లాక్‌డౌన్ల సిరిసిల్లల సాంచాలు బంద్ అయినయి. సాంచాల మీద పనిచేసే మా చుట్టాల పిల్లగాడు ఒకడు ఫోన్ల 5,000 అప్పు తీసుకున్నడు. ఫీజులు పట్టుకొని చేతికి ఇచ్చింది 3,200. వారంల 5,000 కట్టాలె. యాప్ వేసుకునేటప్పుడు "కాంటాక్టులు చూడనిస్తవా, ఫొటోలు చూడనిస్తవా" అని అడిగింది. కాదంటె ముందటికి పోనియ్యదు. అవునన్నడు. గడువు దాటినంక వాని మేనమామకు, వాని సావుకారికి, ఆఖరికి వానికి పెండ్లి మాట్లాడుతున్న ఇంటికి కూడ ఫోన్లు పోయినయి. "వీడు దొంగ" అని ఫొటో పెట్టి పంపిన్రు. ఆ సంబంధం తప్పిపోయింది. వాడు బతికి ఉన్నడు, అది మా అదృష్టం. ఆ ఏడాది మన తెలంగాణల ఈ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నోళ్ళున్నరు. డిసెంబర్ల హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి మనుషులను పట్టుకున్నరు. డిసెంబర్ 23న రిజర్వ్ బ్యాంకు ఈ యాప్‌లతోటి జాగ్రత్త అని చెప్పింది. తర్వాత 2022 సెప్టెంబర్ల రూల్స్ పెట్టింది. అప్పు నేరుగ మన ఖాతాలనే పడాలె, మొత్తం ఖర్చు ఎంతనో ముందే కాగితం ఇయ్యాలె, ఫోన్ల కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోవద్దు. 2025 జూలై నుంచి బ్యాంకుల తరఫున నడిచే అప్పు యాప్‌ల పట్టిక రిజర్వ్ బ్యాంకు తన వెబ్‌సైట్ల పెట్టింది. అవసరముండి ఎవరన్న తీసుకోవాలంటె ముందు ఆ పట్టికల పేరున్నదా చూసుకోండి.

కొందరంటరు, "నువ్వే సూసుకోవాలె కదా, ఎవడు ఒత్తుమన్నడు?" అని. చదువుకున్న మా బంధువు ఒకాయన నా మొఖం మీదనే అన్నడు. ఆయనకు నేను చెప్పిన జవాబు ఇది. మనం మార్కెట్ యార్డుకు పోతే ఇంటికెళ్ళి బాట్లు, తరాజు మోసుకపోతమా? పోం. ఎందుకు? ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల శాఖోళ్ళు ఏటేటా చూసి ముద్ర వేయాలని చట్టమున్నది. కాంటా వంకర ఉంటే తప్పు కాంటా పెట్టినోనిది. రైతుది కాదు. "నీకు కండ్లు లేవా" అని రైతును ఎవరూ అడగరు. మరి ఫోన్ల బటన్ వంకర ఉంటే తప్పు ఒత్తినోనిది ఎట్లయితది?

ఇంకొకటి. మాయను మూలంల కోస్తే అందరూ బతుకుతరు. ఇదివరకు "నీకు పైసలు వస్తయి, పిన్ కొట్టు" అని రిక్వెస్ట్ పంపి మన పైసలు గుంజేటోళ్ళు. ఏండ్ల తరబడి "జాగ్రత్త, జాగ్రత్త" అని చెప్పుకుంట పోయిన్రు. మోసం ఆగలే. ఆఖరికి 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి మనిషి అట్ల రిక్వెస్ట్ పంపుడే బంద్ పెట్టిన్రు. ఆ దారే మూసిన్రు. మనకు కొత్తగ చదువు రాలే, బటన్ పోయింది. గంతే తేడా.

చట్టం లేదనుకోకండి, ఉన్నది. 2019 వినియోగదారుల చట్టం కింద, 2023 నవంబర్ 30న కేంద్రం రూల్స్ తెచ్చింది. 13 రకాల ఎత్తులు చేయొద్దని పేరు పేరునా రాసింది. పైన నేను చెప్పినయన్నీ దాంట్ల ఉన్నయి. ఉత్త తొందర పెట్టుడు, అడగనిది సంచిల వేసుడు, సిగ్గు పడేటట్టు మాట్లాడి ఒప్పిచ్చుడు, తప్పించుకోరాని చందా, కొసకు ధర పెంచుడు, పదే పదే అడిగి సతాయించుడు, అన్నీ. 2025 జూన్ల ఆన్లైన్ కంపెనీలకు, మూడు నెలలల్ల మీ యాప్‌లు మీరే చూసుకొని ఇసొంటివి తీసేయమని కూడ చెప్పింది. మంచిదే. కానీ దొంగనే పిలిచి నీ ఇంట్ల దొంగ సొమ్మున్నదా చూసుకో అన్నట్టు ఉన్నది నాకైతే. కాంటాకు ముద్ర వేసేటోడు వేరే మనిషి ఉన్నట్టు, దీనికి కూడ బయటి మనిషి ఉండాలె.

అమెరికాల ఎట్లయిందో చూడండి. అమెజాన్ కంపెనీ ప్రైమ్ చందాల జనాన్ని తెల్వకుండ చేర్పిచ్చి, తీసేసుడు కష్టం చేసిందని అక్కడి సర్కారు సంస్థ కేసు వేసింది. చందా రద్దు చేసుకునే దారికి కంపెనీల లోపల పెట్టుకున్న పేరు "ఇలియడ్" అని ఆ కేసుల బయట పడ్డది. ఇలియడ్ అంటే గ్రీకుల పాతకాలం యుద్ధ కత, మన భారతం లెక్క ఒడువదు. అంటే అంత పొడుగున్నదని వాళ్ళకు తెలుసన్నట్టే కదా! 2025 సెప్టెంబర్ల, తప్పు ఒప్పుకోకుండనే, 250 కోట్ల డాలర్లకు ఆ కేసు తెంపుకున్నరు. దాంట్ల 150 కోట్ల డాలర్లు జనానికి వాపస్ ఇయ్యడానికే. అక్కడ చదువుకున్నోళ్ళు లేరా? ఉన్నరు. వాళ్ళూ పడ్డరు. అందుకే చెప్తున్న, ఇది చదువు ముచ్చట కాదు.

ఫోన్ పారేయమంటలేను. నా కొడుకు దుబాయిల ఉంటడు, రోజూ వాని మొఖం చూసేది ఫోన్లనే. పత్తి సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్ల స్లాట్ పట్టాల్సిందే. ఇగ ముందటికి అన్నీ ఫోన్లనే. మనం వద్దనుకున్నా తప్పించుకోలేం. తప్పించుకోలేని కాడనే కాంటా సరిగ ఉండాలని అడగాలె.

నేను అడిగేటియి మూడే. ఒకటి, చేరుడు ఎంత అల్కనో తీసేసుడు అంతే అల్క ఉండాలె, అదే జాగల ఉండాలె. రెండు, ఏ భాషల అమ్ముతరో అదే భాషల, అంతే పెద్ద అక్షరాలతోటి షరతు చెప్పాలె. మూడు, రైతు వేదికలల్ల మంగళవారం రైతు నేస్తం పెడుతరు కదా, నెలకొక్కసారి అర గంట దీని గురించి చెప్పాలె. పురుగుకు ఏ మందు కొట్టాల్నో చెప్పినట్టే ఫోన్ల పురుగు గురించి కూడ చెప్పాలె. ఈ మూడూ రాసి మా ఏఈవోకు ఇస్త, ఎమ్మెల్యే ఊరికొస్తే ఆయనకూ ఇస్త. మీరూ మీ ఊర్లల్ల ఇయ్యండి.

అప్పటిదాక మన జాగ్రత్తల మనం ఉండాలె.

పిన్ అడిగిందంటే పైసలు పోతయి, రావు. పిన్ కొట్టే ముందు ఆటోపే అనే మాటున్నదా, "నెలకు" అనే మాటున్నదా చూడండి. అర్థం కాకుంటే ఆగండి, ఇంట్ల పిల్లలకు చూపియ్యండి. నెలకోసారి పైసలు కొట్టే యాప్ల ఆటోపే తెరిచి, తెల్వని పేరుంటే రద్దు చేయండి. యూరియా పైసలు, కిస్తీ పైసలు ఉండే ఖాతాను ఫోన్‌కు కలపకండి. చిన్న ఖాతా ఒకటి వేరే పెట్టి దాంట్ల వెయ్యో, రెండు వేలో వేసుకోండి. పంటల సలహాకు పైసలు కట్టే అవసరమే లేదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 తెలుగుల మాట్లాడుతది, ఉత్తగనే. మనకు దగ్గర్ల పొలాస పరిశోధన స్థానమున్నది, పోయి అడగొచ్చు.

దొంగ వేరు, మాయ చేసే కంపెనీ వేరు. వాట్సాప్ల "పీఎం కిసాన్" అని ఏపీకే ఫైల్ పంపి ఖాతా ఖాళీ చేసేటోడు దొంగ. వానికి వెంటనే 1930కి కొట్టాలె, ఎంత తొందరగ కొడితే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ. పేరున్న కంపెనీ మాయ చేస్తే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను 1915కు కొట్టిన. ఫిర్యాదు నంబరు ఇచ్చిన్రు. ఇరువై రోజులకు ఆఖరు నెల 299 వాపస్ వచ్చింది. మిగతా 1,496 రాలే. "మీరు ఒప్పుకున్నరు" అన్నరు. ఒప్పుకున్ననా నేను? మీరే చెప్పండి.

వచ్చిన 299 పెద్ద పైసలు కావు. కానీ ఆ మెసేజ్ మా ఇంటామెకు చూపెట్టిన. చదివి, "అయితే నువ్వు ఆడలేదన్నట్టు" అన్నది. నాకు ఆ మాట చాలు. ఇప్పుడు ప్రతి నెల 10న కిస్తీ కట్టే ముందు నా ఫోన్ ఆమెనే తీసుకొని ఆటోపే చూస్తది. సంఘం మీటింగ్ల మిగతా ఆడోళ్ళ ఫోన్లు కూడ చూసింది. ముగ్గురి ఖాతాలల్ల ఇసొంటివే బయటపడ్డయి. ఒకామెకు ఏడాది నుంచి పోతున్నయి. ఆ ముగ్గురు కూడ ఇంట్ల చెప్పుకోలే, భయపడి.

మీరు భయపడకండి. ఇయ్యాల్నే మీ ఫోన్ల చూడండి. ఏమన్న దొరికితే సిగ్గు పడకుండ కింద రాయండి, పక్కింటోళ్ళకు చెప్పండి. కాంటా వంకర ఉన్నప్పుడు యార్డుల ఒక్కడు గట్టిగ ఒర్రితేనే నలుగురు జమైతరు.

ఉంట మరి. బాయి కాడ కరెంటు వచ్చే యాళ్ళయింది.